1064కి ఫోన్ చేస్తే ఏం జరుగుతుంది? చిన్న వ్యాపారి కళ్లతో ఏసీబీ ట్రాప్ సేవ

బిల్లు కదలాలంటే మూడు శాతం. లైసెన్సు రెన్యువల్‌కి పదివేలు. ట్రాన్స్‌ఫార్మర్ ఎస్టిమేట్ వేయడానికి ఇంకో రేటు. ఈ మాట చెవిన పడగానే చిన్న వ్యాపారి వేసే లెక్క ఒకటే. రూ.8 లక్షల బిల్లు ఆగిందనుకుందాం. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బయితే నెలకు రూ.16,000 పోతుంది. అడిగిన మూడు శాతం రూ.24,000. నెలన్నర కంటే ఎక్కువ తిప్పించుకుంటే ఇచ్చేయడమే చవక అనిపిస్తుంది. మనిషిని లొంగదీసేది ఈ లెక్కే. చెడ్డవాళ్లు కాబట్టి ఇస్తారని ఎవరైనా అంటే వాళ్లు ఎప్పుడూ బిల్లు పెట్టుకోని మనుషులు.

ఆ లెక్కలో చాలామంది కలపనిది ఇంకొకటుంది. 2018 జులై 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 8 కింద లంచం ఇవ్వడం కూడా నేరుగా నేరమే. శిక్ష ఏడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇచ్చినవాడు కోర్టులో చెప్పిన మాటను అతని మీదే వాడకూడదని రక్షణ ఇచ్చిన పాత సెక్షన్ 24ని అప్పుడే తీసేశారు. దాని స్థానంలో రెండు దారులు మిగిలాయి. ఇవ్వకముందే దర్యాప్తు సంస్థకు చెప్పి, వాళ్లకు సహకరించడానికి ఇస్తే నేరం కాదు. బలవంతపెడితే ఇచ్చామంటే, ఇచ్చిన రోజు నుంచి 7 రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. ఈ రెండు దారులూ తెలుగు రాష్ట్రాల్లో ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) గుమ్మం దగ్గరికే వెళ్తాయి. తెలంగాణలో టోల్ ఫ్రీ నంబరు 1064. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో 14400 పెట్టారు, 1064 కూడా ఉంది.

లంచం తీసుకుంటుండగా అధికారిని పట్టుకునే ట్రాప్ లాంటి ముఖ్యమైన సేవ గురించి ఒక మిక్సీ కొనేముందు చదివేంత సమాచారం కూడా మన వ్యాపారుల దగ్గర ఉండదు. అందుకే ఈ సమీక్ష. పట్టుకునే వరకు ఈ సేవ బాగా పనిచేస్తుంది. పట్టుకున్న తర్వాత ఫిర్యాదుదారుకి తోడు తగ్గిపోతుంది. 5కి 3.5 ఇస్తాం. ఆ ఒకటిన్నర ఎక్కడ తగ్గిందో కింద ఉంది.

ముందు ఇది ఎవరి మీద పనిచేస్తుందో చూడాలి. రాష్ట్ర ప్రభుత్వ శాఖలు, పంచాయతీలు, మున్సిపాలిటీలు, విద్యుత్ పంపిణీ సంస్థలు, రాష్ట్ర కార్పొరేషన్లు ఏసీబీ పరిధిలోకి వస్తాయి. రైల్వే, జాతీయ బ్యాంకులు, పీఎఫ్ కార్యాలయం, సెంట్రల్ జీఎస్టీ లాంటివాటికి సాధారణంగా సీబీఐ దగ్గరికి వెళ్లాలి. జీఎస్టీ విషయంలో తికమక పడేవాళ్లు ఎక్కువ. మీ రిజిస్ట్రేషన్ స్టేట్ పరిధిలో ఉందా, సెంటర్ పరిధిలో ఉందా అన్నది పోర్టల్‌లోనే కనిపిస్తుంది, ముందు అది చూసుకోండి. అధికారి తరఫున బ్రోకరు అడిగినా కేసే. బయటివాళ్ల కోసం సెక్షన్ 7ఏ ఉంది, అధికారికి ఉన్నట్టే 3 నుంచి 7 ఏళ్ల శిక్ష.

ప్రైవేటు కంపెనీ పర్చేజ్ మేనేజరు ఆర్డరుకింత అని కమీషన్ అడిగితే మాత్రం 1064 ఏమీ చేయలేదు. అవినీతి నిరోధక చట్టం ప్రభుత్వ సేవకుడి చుట్టూ రాసిన చట్టం. అలాంటప్పుడు ఆ కంపెనీ యాజమాన్యానికి లేదా విజిలెన్స్ విభాగానికి రాతపూర్వకంగా పంపడమే దారి. కొటేషన్‌లో కమీషన్ కలిపి రేటు పెంచి పంపితే, రేపు ఆ కంపెనీ మేనేజరు మీద నమ్మకద్రోహం కేసు పెట్టినప్పుడు ఆ పెంచిన కాగితం మీద సంతకం మీదే ఉంటుంది.

రెండో ప్రశ్న ఇంకా కీలకం. మీ పని సక్రమమైనదేనా? ప్లాన్‌లో లేని అంతస్తుకి, వేయని రోడ్డు మందానికి ఎంబీలో (పని కొలతలు రాసే పుస్తకంలో) కొలత రాయించుకోవడానికి బేరం కుదిరి, తర్వాత రేటు దగ్గర తేడా వచ్చి 1064కి ఫోన్ చేస్తే ఆ రక్షణ మీద ఆశ పెట్టుకోవద్దు. చట్టం కాపాడేది న్యాయంగా రావలసిన దానికోసం పీడించబడినవాణ్ని.

ఇక ఫోన్ చేశాక. 1064 అన్నది తలుపు మాత్రమే. అసలు పని మీ జిల్లాను చూసే ఏసీబీ రేంజి డీఎస్పీ కార్యాలయంలో జరుగుతుంది. వీలైతే అడిగిన రోజే, లేదంటే మర్నాడు వెళ్లాలి. అధికారి ఇచ్చిన గడువుకు కనీసం రెండు రోజులు మిగిలి ఉండేలా చూసుకోండి. సాయంత్రం నాలుగింటికి డబ్బు ఇవ్వాలి, మధ్యాహ్నం పన్నెండింటికి ఏసీబీ ఆఫీసులో ఉన్నాం అంటే వాళ్ల చేతులు కట్టేసినట్టే. ఫిర్యాదు అందాక వాళ్లు రహస్యంగా ఆరా తీస్తారు. ఆ అధికారి పేరు ఎలాంటిది, ఫైలు నిజంగా అక్కడే ఉందా, మీకూ ఆయనకూ పాత గొడవలున్నాయా అన్నవి తేల్చుకున్నాకే ఎఫ్ఐఆర్. ఈ ఆరా తప్పనిసరిగా మంచిదే. పగతో పెట్టే ఫిర్యాదులను వడగట్టేది ఇదే.

ఫిర్యాదు కాగితం మీ చేతిరాతతో ఉంటే మేలు. అందులో ఫైలు నంబరు, దరఖాస్తు తేదీ, అధికారి హోదా, ఏ తేదీన ఎక్కడ ఏ మాటలతో అడిగారు, మొదట ఎంత అన్నారు, బతిమాలితే ఎంతకు దిగారు, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ ఉండాలి. ‘లంచం డిమాండ్ చేశారు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ‘ఇరవై ఐదు తీసుకురా, లేకపోతే ఎంబీ మీద సంతకం పడదు’ అన్నారనుకోండి, ఆ మాటే రాయాలి. చివర్లో ఆయనతో మీకు అప్పులు గానీ పగలు గానీ లేవనీ, లంచం ఇవ్వడం ఇష్టం లేక వచ్చారనీ స్పష్టంగా ఉండాలి. ఇది లాంఛనం కోసం రాసే వాక్యం అనుకోవద్దు. కోర్టులో ప్రతి ట్రాప్ కేసులోనూ దాదాపు మూడే వాదనలు వస్తాయి: అది చేబదులు తిరిగి ఇచ్చిన డబ్బు, వద్దంటున్నా జేబులో కుక్కాడు, ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజు కోసం ఇచ్చాడు. మూడో వాదనకు మన వ్యాపారులు తెలియక దారి ఇస్తుంటారు. ఇంటి పన్ను బకాయి, లైసెన్సు ఫీజు, చలానా సొమ్ము ఏదైనా మిగిలి ఉంటే ట్రాప్ రోజుకు ముందే కట్టేసి రసీదు దగ్గర పెట్టుకోండి. బకాయి రూ.6,000, లంచం రూ.5,000 ఉన్నచోట పంచాయతీ కార్యదర్శి ‘పన్ను కోసమే తీసుకున్నా’ అంటే తేల్చడం కష్టం.

ఫోన్‌లో రికార్డు చేసిన మాటలుంటే బలం. అయితే కేసు పాడయ్యే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. రికార్డింగును వాట్సాప్‌లో తమ్ముడికి పంపి, మెమరీ నిండిందని అసలుది చెరిపేస్తారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. అందుకే ఏ ఫోన్‌లో రికార్డయిందో ఆ ఫోన్, ఆ అసలు ఫైలు పేరు కూడా మార్చకుండా ఉంచాలి. ఫోన్ మార్చుకునే ఆలోచన ఉంటే వాయిదా వేసుకోండి. రికార్డింగు లేకపోయినా వెనక్కి రావక్కర్లేదు. అధికారులే రికార్డరు ఇచ్చి, మళ్లీ ఒకసారి మాట్లాడించి డిమాండును నిర్ధారించుకోవచ్చు.

డబ్బు మీరే తీసుకెళ్లాలి. తర్వాత ప్రభుత్వ నిధి నుంచి తిరిగి ఇస్తారు. ఎప్పటికి వస్తుంది, ఏ కాగితాలు కావాలి అన్నది ఫిర్యాదు ఇచ్చిన రోజే అడిగి రాసుకోండి. అంత మొత్తం సర్దలేకపోతే అదీ ముందే చెప్పండి. వ్యాపార ఖాతా నుంచి తీస్తే పుస్తకంలో ఖర్చుగా రాయకండి, రావలసిన సొమ్ముగా చూపండి. మామూలుగా ఇచ్చే లంచం ఎలాగూ ఆదాయపు పన్నులో ఖర్చు కింద చెల్లదు, నేరం కోసం పెట్టిన ఖర్చును చట్టం ఒప్పుకోదు. దాన్ని ‘సైట్ ఖర్చులు’ అని దొంగ వోచర్లతో సర్దేవాళ్లు ఒక తప్పుకు ఇంకో తప్పు కలుపుతున్నారు.

ట్రాప్ రోజున ముందుగా వేరే ప్రభుత్వ శాఖల నుంచి ఇద్దరు ఉద్యోగులు మధ్యవర్తులుగా వస్తారు. వాళ్ల ముందు మీ ఫిర్యాదు చదువుతారు, నిజమేనా అని మిమ్మల్ని అడుగుతారు. నోట్ల నంబర్లన్నీ నివేదికలో రాస్తారు. తర్వాత నోట్లకు ఫినాల్ఫ్తలీన్ అనే తెల్లటి పొడి పూస్తారు. అది తగిలిన వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే రంగులేని నీళ్లు గులాబీ రంగులోకి మారతాయి. అక్కడే ఒకసారి చేసి చూపిస్తారు. మీ జేబు ఖాళీ చేయించి, పొడి పూసిన వ్యక్తే నోట్లు అందులో పెడతాడు. అతను ఆ తర్వాత మీతో రాడు, అతని చేతి పొడి ఇంకెక్కడా అంటకూడదని. ఇంతవరకు జరిగిందంతా మధ్యవర్తుల నివేదిక మొదటి భాగం.

అక్కడి నుంచి బరువంతా మీ మీదే ఉంటుంది. నోట్లను మధ్యలో తీసి లెక్కపెట్టుకోకూడదు. అధికారితో కరచాలనం చేయకూడదు, మీ చేతికి పొడి అంటి ఉంటే కరచాలనంతో ఆయన చేతికి అంటిందనే వాదనకు చోటిచ్చినట్టు. అన్నిటికంటే ముఖ్యమైనది, డబ్బు మీరు ముందుగా చాచకూడదు. ‘సార్, నా బిల్లు సంగతి?’ అని అడిగి ఆగాలి. ‘తెచ్చావా?’ అన్న మాట ఆయన నోటి నుంచి రావాలి. చేతులు వణుకుతుంటే చాలామంది ఆ మౌనాన్ని భరించలేక కట్ట తీసి బల్ల మీద పెట్టేస్తారు. ఆ రెండు నిమిషాల ఓపిక మీదే కేసు నిలబడుతుంది.

దీని వెనక కారణం మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసుల్లోనే ఉంది. బి. జయరాజ్ కేసులో (2014) సుప్రీంకోర్టు డబ్బు దొరికినంత మాత్రాన చాలదు, అడిగినట్టు రుజువు కావాలంది. ఆ కేసులో ఫిర్యాదు చేసిన రేషన్ డీలరు కోర్టులో మాట మార్చాడు. పి. సత్యనారాయణమూర్తి కేసులో (2015) టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు రెన్యువల్‌కి లంచం అడిగారని ఆరోపణ. విచారణ మొదలయ్యేసరికే ఫిర్యాదుదారు చనిపోయాడు, అడిగారని చెప్పే గొంతు లేక నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. 2022 డిసెంబరు 15న నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఈ చిక్కు విప్పింది. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా మిగతా సాక్షులు, పరిస్థితుల ద్వారా డిమాండును రుజువు చేయవచ్చని చెప్పింది. మీ వెంట మధ్యవర్తిని పంపడం, రికార్డరు ఇవ్వడం ఇందుకే. ఆ వెంట వచ్చే మనిషిని ‘నువ్వు బయట ఉండు’ అని అధికారి పంపేస్తే కంగారుపడకండి, రికార్డరు ఆగకుండా చూసుకోండి చాలు.

పని తేడా కొట్టే తీరులు కొన్ని ఉన్నాయి. అధికారి చేత్తో ముట్టుకోకుండా ‘ఆ సొరుగులో పెట్టు’ అంటాడు, డ్రైవరుకి ఇమ్మంటాడు, జిరాక్స్ షాపు పేరు చెబుతాడు. అప్పుడు ‘మీరు చెప్పిన ఇరవై సార్, ఈయనకి ఇవ్వమంటారా?’ అని గట్టిగా అడగండి. ఆయన ఔననడం మధ్యవర్తికి వినపడాలి, లేదా రికార్డు కావాలి. ఇచ్చాక ముందే అనుకున్న సైగ చేయాలి, మిస్డ్ కాల్ గానీ రుమాలుతో మొహం తుడుచుకోవడం గానీ. ఆ తర్వాత బృందం లోపలికి వచ్చి చేతులు, సొరుగు, జేబు గుడ్డ అన్నీ ద్రావణంతో పరీక్షించి సీసాల్లో సీలు వేస్తుంది, అవి ఫోరెన్సిక్ ల్యాబుకి వెళ్తాయి. ఒకవేళ అధికారికి అనుమానం వచ్చి డబ్బు ముట్టకపోతే అంతా వృథా అనుకోవద్దు. సెక్షన్ 7లో తీసుకోవడంతో పాటు పొందాలని ప్రయత్నించడం కూడా నేరమే, రికార్డయిన డిమాండు మీద కేసు నడపవచ్చు. ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా బంధువుల నంబరుకి పంపమనే వాళ్లకు పొడి అవసరం లేదు, లావాదేవీ నంబరే సాక్ష్యం. కానీ ఏసీబీకి చెప్పకముందు పంపేసి ఉంటే ఏడు రోజుల గడియారం అప్పుడే మొదలైందని గుర్తుంచుకోండి. మొదటి విడత పది రోజుల కింద ఇచ్చేసి, రెండో విడత అడిగారని వచ్చేవాళ్లు ఉంటారు. ఆ మొదటి విడతను దాచకండి. ముందు ఒక వకీలుతో మాట్లాడి, ఉన్నది ఉన్నట్టు డీఎస్పీకి చెప్పండి. దాచింది క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటికొస్తే మిగతా నిజం మీద కూడా నీడ పడుతుంది.

ఇక మార్కులు తగ్గిన చోటు. ట్రాప్ అయిన మర్నాటి నుంచి వ్యాపారికి కావలసింది తన పని. అక్కడే మొదటి దెబ్బ తగులుతుంది, ఎందుకంటే ఆ ఫైలు ఇప్పుడు సాక్ష్యం, ఏసీబీ దాన్ని స్వాధీనం చేసుకుంటుంది. సీట్లో ఉన్న అధికారి కస్టడీలో 48 గంటలు దాటితే సస్పెన్షన్‌లో ఉన్నట్టే లెక్క, కొత్తవారు రావడానికి సమయం పడుతుంది. ‘ఒరిజినల్ ఏసీబీ దగ్గర ఉంది’ అనే మాటతో మీ బిల్లు నెలలు ఆగగలదు. దీనికి విరుగుడు ఆ రోజే ఉంది. స్వాధీనం చేసుకున్న కాగితాల ధ్రువీకృత నకళ్లు కార్యాలయానికి ఇవ్వాలని, పెండింగ్ పని గురించి శాఖాధిపతికి లేఖ రాయాలని డీఎస్పీకి దరఖాస్తు పెట్టండి. సక్రమమైన పనిని పూర్తి చేయించేందుకు ఏసీబీ శాఖతో మాట్లాడుతుంది, కానీ మీరు రాతపూర్వకంగా అడిగితే ఆ మాటకు రుజువు ఉంటుంది. ఫిర్యాదుకు ముందే ఎంబీ పేజీలు, బిల్లు, దరఖాస్తు రసీదు మీ దగ్గర నకలు పెట్టుకోవడం ఇంకా మంచిది.

రెండోది గోప్యత. ఫోన్ చేసి సమాచారం మాత్రం ఇస్తే పేరు బయటికి రాకపోవచ్చు. ట్రాప్ ఫిర్యాదుదారుకి అది కుదరదు. మీరు కేసులో ప్రధాన సాక్షి, మీ పేరు నిందితుడికి తెలుస్తుంది. అదే శాఖలో ఇంకో పదేళ్లు పనులు చేయాల్సిన కాంట్రాక్టరుకి ఇది చిన్న సంగతి కాదు. మిగతా బిల్లులన్నింటిలో కొర్రీలు మొదలైతే ప్రతి కొర్రీకీ రాతపూర్వక కారణం అడగండి, సమాచార హక్కు కింద నోట్ ఫైలు కోరండి. 30 రోజుల గడువు వాళ్లకూ తెలుసు. వేధింపు అని అప్పుడు తేదీలతో చూపించవచ్చు.

మూడోది కాలం. ప్రాసిక్యూషన్‌కి ప్రభుత్వ అనుమతి కావాలి, చట్టం దానికి మూడు నెలలు, అవసరమైతే ఇంకో నెల ఇచ్చింది. విచారణ రెండేళ్లలో ముగించే ప్రయత్నం చేయాలని, పొడిగింపులతో కలిపి నాలుగేళ్లు మించరాదని అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 4 అంటుంది. ఆ గడువులు దాటి సాగే కేసులు కొత్త కాదు. ఈ మధ్యలో మేజిస్ట్రేట్ ముందు మీ వాంగ్మూలం ఉంటుంది, తర్వాత కోర్టులో సాక్ష్యం. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకి తెలపాలని బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 193 చెబుతోంది. ఆ కబురు రాకపోతే అడగండి. ఛార్జిషీటు పడి కేసు నంబరు వచ్చాక ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోవచ్చు.

ఈ సుదీర్ఘ కాలంలోనే అసలు పరీక్ష ఇంకొకటి ఎదురవుతుంది. ‘ఆయనకు పిల్లలున్నారు, మీ డబ్బు కంటే ఎక్కువే ఇస్తాం, కోర్టులో గుర్తులేదని చెప్పండి’ అంటూ పెద్దమనుషులు వస్తారు. అది కూడా లంచమే. ఈసారి తీసుకునే చోట మీరుంటారు. తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది, మేజిస్ట్రేట్ ముందు మీరు ముందే చెప్పిన మాట కాగితం మీద ఉంది. అలా వచ్చినవాళ్ల పేరు, తేదీ, ఏమన్నారో రాసుకుని దర్యాప్తు అధికారికి తెలియజేయండి.

ఎవరూ ఏమీ అడగకుండా ‘రేపు రా’ అని మాత్రమే తిప్పించుకుంటున్న చోట ట్రాప్ పనికిరాదు, అడగని డబ్బుకు ట్రాప్ వేయలేరు. అక్కడ సమాచార హక్కు దరఖాస్తుతో ఫైలు ఏ తేదీన ఏ బల్ల మీద ఉందో అడగడం పనిచేస్తుంది. నెలనెలా షాపుల దగ్గర వసూలు చేసే మామూళ్లకు, పండగ మామూళ్లకు కూడా ఒక్కరు ఇరుక్కోనక్కర్లేదు. ఏ కార్యాలయం, ఏ వారం, ఏ వేళ, డబ్బు ఎవరి చేతుల్లో పోగవుతుంది అన్న వివరాలు 1064కి ఇస్తే ఏసీబీ ఆకస్మిక తనిఖీ చేయవచ్చు. లెక్క చెప్పని నగదు దొరికితే శాఖాపరమైన చర్యకు నివేదిక వెళ్తుంది. ‘ఇక్కడ అందరూ తింటున్నారు’ అనే ఫోన్‌తో ఎవరూ కదలరు. ‘ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదు తర్వాత డాక్యుమెంట్ రైటరు కవర్లు తెచ్చి రికార్డు రూములో ఇస్తాడు’ అంటే బండి బయలుదేరుతుంది.